మస్తాన్ చెప్పిన ‘సాబిత్’

మస్తాన్ వలీ అబద్ధం చెప్పాడని, ఆ అబద్ధం వల్ల ఒక మనిషి చచ్చిపోయాడని సౌదీలోని యాన్బులో ఒక కంపెనీ కాగితం మీద రాసింది. ముద్ర వేసి ఫైల్లో పెట్టింది. మస్తాన్ అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి తనకు అర్థమైనట్టు నిజమే చెప్పాడు. ఆ కాగితంలో ఉన్నది తప్పు. తొమ్మిదేళ్ళుగా ఆ మాటే చెబుతూ వస్తున్నాను.

మిగతా సంగతులకంటే ముందు ఇది ఎందుకు చెప్పానంటే, ఇప్పుడు ఎర్ర సముద్రం ఒడ్డున హోటల్ పక్కన హోటల్ లేస్తోంది. ప్రతి హోటల్ లాబీలోనూ ఒక గాజు సముద్రం కావాలంటున్నారు. ఆ పనికి మన కుర్రాళ్ళు వస్తున్నారు. ఫోన్లో వీడియోలు చూసి, అంతా తెలిసిపోయిందనుకుని వస్తున్నారు. వీడియోలో రాయి పడదు.

రాళ్ళ పని

చేపల తొట్టిలో రాళ్ళు పేర్చడం కూడా ఒక పనేనా అని మా ఊళ్ళో నవ్వేవాళ్ళు. నవ్వనీ. ఉప్పునీటి తొట్టి అంటే ఇంట్లో బల్ల మీద పెట్టుకునే గాజు పెట్టె కాదు. నేను చేసిన వాటిలో కొన్ని గదంత ఉంటాయి. లోపల ఒక చిన్న కొండ కట్టాలి. ఆ కొండ సందుల్లో చేపలు దాక్కుంటాయి, దాని మీద పగడాలు అతుక్కుని పెరుగుతాయి, నీళ్ళను శుభ్రం చేసే సూక్ష్మజీవులు రాతి చిల్లుల్లో కాపురముంటాయి. కొండ సరిగా లేకపోతే తొట్టి మొత్తం ఉప్పునీళ్ళ బావి. కొండ నిలబడకపోతే ఏమవుతుందో ఈ వ్యాసమంతా అదే.

నేను పుట్టింది ఎర్రగుంట్ల దగ్గర, బండల గనుల మధ్య. ఐదో తరగతి వరకు చదివాను. కడప బండను చూసి కాదు, విని కొనాలని మా నాయన నేర్పాడు. సుత్తి పిడితో తట్టితే ఖంగుమంటే బండ మంచిది. బద్దుమంటే లోపల బీట ఉంది. ఆ చెవి ఒక్కటే పెట్టుబడిగా సౌదీలో హఫర్ అల్ బాతిన్ అనే ఊరికి నేల బండలు పరిచే పనికి వచ్చాను. ఆ కాంట్రాక్టు అయిపోయాక రియాద్ చేరి, బతా బజారులో పని వెతుక్కుంటూ ఒక రంగుచేపల దుకాణంలో రాళ్ళు మోయడానికి కుదిరాను. యజమాని అబూ యాసీన్, సిరియా మనిషి.

నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. డబ్బాల మీద ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాను. అరబ్బీ గిరాకీల నోట విని పట్టుకున్నాను. కోపం మాత్రం ఇంటినుంచే తెచ్చుకున్నాను.

రాయి ముందు, ఇసుక తర్వాత

మొదటి ఏడాదిలోనే ఒక తప్పు చేశాను. ఒక విల్లాలో తొట్టి. ఇసుక తెల్లగా, పంచదారలా పరిచి, దాని మీద రాళ్ళు అందంగా పేర్చాను. ఇంటివాళ్ళు ఫోటోలు దిగారు. ఇసుకలో గుంత తవ్వుకుని బతికే చిన్న చేప ఒకటి ఉంటుంది, వేలంత కూడా ఉండదు. నెల తిరక్కుండా అది పెద్ద రాయి కింద ఇసుకంతా తోడేసింది. రాయి ఒరిగి ముందు గాజుకు కొట్టుకుంది. తివాచీ మీద నీళ్ళు, నీళ్ళలో చేపలు. ఇంటి యజమాని నన్ను ఏమీ అనలేదు. అబూ యాసీన్ కూడా తిట్టలేదు. పగిలిన తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, ఆ తవ్విన చేప శవాన్ని నా అరచేతిలో పెట్టాడు.

‘‘ఇది ఎంత?’’ అన్నాడు.

‘‘వేలంత.’’

‘‘నువ్వెంత?’’

ఆ రోజునుంచి ఒకటే పద్ధతి. ముందు రాయి తొట్టి అడుగున ఆనాలి. కింద పలచని ప్లాస్టిక్ పలక వేసి, దాని మీద మూడు చోట్ల ఆనేలా రాయిని కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే చుట్టూ ఇసుక పోయాలి. ఎవడు ఎంత తవ్వుకున్నా రాయి కదలదు. గుత్తేదారు తొందరపెట్టినా, షేక్ గారి పుట్టినరోజైనా, ఈ వరస మార్చకండి.

పైరాళ్ళ సంగతి వేరు. ఒకదాని మీద ఒకటి ఊరికే పెడితే అది ముగ్గు, కట్టడం కాదు. రాయికి రంధ్రం వేసి ఫైబర్ కడ్డీ దించాలి. ఇనుము వద్దు, ఉప్పు తినేస్తుంది. కడ్డీ చుట్టూ రెండు రకాల ముద్దలు కలిపి పిసికిన ఎపాక్సీ కూరాలి. అది గట్టిపడేదాకా చెయ్యి తీయకూడదు. ఇంకొకటి గుర్తుంచుకోండి. నీళ్ళలో రాయి తేలికవుతుంది. నీళ్ళున్నప్పుడు బుద్ధిగా నిలబడిన రాయి, నీళ్ళు దించగానే తన బరువు తాను తిరిగి తెచ్చుకుంటుంది. తొట్టి నిండా నీళ్ళున్నప్పటికంటే సగం దించినప్పుడే రాయి మనిషి మీద పడుతుంది.

అబూ యాసీన్ దగ్గర ఒక అలవాటు ఉండేది. కొండ కట్టడం అయ్యాక తన చెయ్యి కింది సందులో పెట్టి, ‘‘ఇప్పుడు పైరాయి పట్టుకుని ఊపు’’ అనేవాడు. రెండు చేతులా పట్టుకుని ఊపేవాణ్ణి. తర్వాత చాలామంది పెద్దవాళ్ళ కింద పనిచేశాను. టై కట్టినవాళ్ళు, హెల్మెట్ పెట్టినవాళ్ళు, సర్టిఫికెట్లు గోడకు తగిలించినవాళ్ళు. రాయి కింద చెయ్యి పెట్టినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు.

మస్తాన్

అబూ యాసీన్ దుకాణం మూసేశాక యాన్బులో ఒక కంపెనీలో మేస్త్రీగా చేరాను. మస్తాన్ వలీ అక్కడే నాతో కలిశాడు. మైదుకూరు దగ్గరి పల్లె. నలభై దాటిన మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి, నాలాగే బండల పనివాడు. నన్ను మామా అనేవాడు. ఊళ్ళో మసీదులో నమాజుకు పిలిచే అజాన్ ఇచ్చేది అతనే. గొంతు అంత బాగుండేది. అజాన్ మొత్తం తప్పులేకుండా అరబ్బీలో చెప్పగలిగినవాడికి అరబ్బీలో మంచినీళ్ళడగడం రాదు.

‘‘ఏం రా, అల్లాతో అరబ్బీలో మాట్లాడతావు, సూపర్‌వైజర్‌తో మాట్లాడలేవా?’’ అంటే, ‘‘అల్లాకు తెలుగు గూడా వచ్చు మామా. ఈ సూపర్‌వైజర్‌కే రాదు’’ అనేవాడు.

తట్టి వినడం నేనే అలవాటు చేశాను. పగడపు రాయి బండలా మోగదు, అయినా బీటలున్నది వేరేగా పలుకుతుంది. పేర్చేముందు ప్రతి రాయినీ సుత్తి పిడితో తట్టేవాడు. తొట్టిలో దిగి శుభ్రం చేసే నిమల్ అనే శ్రీలంక మనిషి అది చూసి హిందీలో ఆట పట్టించేవాడు. ‘‘డాక్టర్ సాబ్, రాయికి జ్వరమా?’’

‘‘రాయికి లేదు, నీకే ఉండాది. రా, తడతా’’ అని మస్తాన్ తెలుగులో అనేవాడు. నిమల్‌కు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇద్దరూ నవ్వేవాళ్ళు.

మా ముస్లిం ఇళ్ళ ఉర్దూలో సాబిత్ అనే మాట ఒకటుంది. పగలనిది, ముక్క కానిది, నిండుగా ఉన్నది అని అర్థం. బద్ద చేయని పప్పు సాబిత్. పగలని గుడ్డు సాబిత్. మస్తాన్ రాయిని తట్టి, చెవి పెట్టి విని, బాగుంటే ‘‘సాబిత్’’ అని పక్కన పెట్టేవాడు. రోజుకు ఎన్నిసార్లు ఆ మాట విన్నానో.

అరబ్బీలోనూ ఆ మాట ఉంది. అక్కడ దాని అర్థం స్థిరంగా బిగిసి ఉన్నది, కదలనిది అని. సౌదీవాళ్ళు మొదటి అక్షరాన్ని నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారు, అందువల్ల మన చెవికి వేరే మాటలా ఉంటుంది. ఈజిప్టువాళ్ళు మాత్రం శుద్ధంగా ‘సాబిత్’ అనే అంటారు. మా ఇంజనీరు రిఫాత్ ఈజిప్టు మనిషి.

ఆ తొట్టి

సముద్రం ఒడ్డున ఒక అతిథి గృహం. లాబీలో తొట్టి, మధ్యలో రాతి కమాను. కొండ కట్టాం, ఇసుక పోశాం. అప్పుడు పైనుంచి ఎవరో నమూనా బొమ్మ మార్చారు. కమాను ఎడమ కాలు ముందుకు జరగాలట. జరగాలంటే అక్కడ ఇసుకంతా తీసి, రాయిని అడుగున కూర్చోబెట్టి, మళ్ళీ పోయాలి. రెండు రోజుల పని.

‘‘ఇసుక మీదే పెట్టు’’ అన్నాడు రిఫాత్.

‘‘కుదరదు మహందిస్’’ అన్నాను. అక్కడ ఇంజనీరును అలాగే పిలుస్తాం. ఎందుకు కుదరదో గట్టిగానే చెప్పాను. నా గొంతు మామూలుగానే పెద్దది.

అతను అందరి ముందూ చెయ్యెత్తి, ‘‘ఇస్కుత్’’ అన్నాడు. నోర్ముయ్ అని. ‘‘నువ్వు మేస్త్రీవి. ఇకమీదట నేను అడిగినవాడే మాట్లాడాలి.’’

ఇసుక మీదే పెట్టాం. కమాను పైరాయికి కడ్డీలు దించితే కొంత నయం. కడ్డీలు జెద్దా నుంచి రావాలి. మర్నాడు పొద్దున వచ్చాయి, గేటు దగ్గర కాగితం లేక ఆగిపోయాయి. కమాను ఊరికే ముద్దల మీద నిలబడి ఉంది.

పదకొండు గంటలప్పుడు రిఫాత్ ఫోన్ చెవికి పెట్టుకుని వచ్చాడు. అతిథులు ముందుగానే వస్తున్నారని అవతలివాడు అరుస్తున్నాడు. మస్తాన్ నిచ్చెన మీద, పైరాయి దగ్గర ఉన్నాడు. నేను మూడు బారల దూరంలో ముద్ద పిసుకుతున్నాను. రిఫాత్ కమాను వైపు వేలు చూపించి అడిగాడు.

‘‘సాబిత్?’’

కడ్డీలు దిగాయా, బిగించారా అని అతని ప్రశ్న.

మస్తాన్ సుత్తి పిడితో పైరాయిని రెండుసార్లు తట్టాడు. తల వంచి విన్నాడు. ముఖం వెలిగింది, ఒక పెద్ద ఇంజనీరు తనను అడిగాడు కదా.

‘‘సాబిత్, సాబిత్’’ అన్నాడు.

రిఫాత్ నీళ్ళు వదలమని నీళ్ళవాళ్ళకు చెయ్యి ఊపి, ఫోన్లో ‘‘ఖలాస్’’, అయిపోయింది, అంటూ వెళ్ళిపోయాడు. అప్పగింత కాగితంలో రాయి బిగించబడింది అని రాశారు.

ఇప్పుడు నా సంగతి. ఆ అడిగినదేమిటో నాకు తెలుసు. ఆ చెప్పినదేమిటో నాకు తెలుసు. ఆ క్షణంలోనే తెలుసు, తర్వాత ఆలోచించి తెలుసుకున్నది కాదు. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నిన్న నోర్ముయ్ అన్నాడు కదా, ఇవాళ మూసుకున్నాను, అతనే తెలుసుకోనీ అనుకున్నాను. నీళ్ళలో రాయి తేలికే, అతిథులు పోయాక మేమే దించి బిగిస్తాం, అని కూడా అనుకున్నాను. పంతానికి ఎప్పుడూ ఒక సాంకేతిక కారణం తోడు దొరుకుతుంది.

ఆ మధ్యాహ్నమే మమ్మల్ని ఇంకో చోటికి పంపారు. ఐదో రోజు అతిథులు వెళ్ళారు. మమ్మల్ని పిలవకుండానే నీళ్ళు దించారు. రాయి బిగించి ఉందని కాగితం చెబుతుంటే వాళ్ళకు భయమెందుకు? పంపు తోసే నీళ్ళు ఐదు రోజులుగా ఎడమ కాలి కింద ఇసుకను కోసుకుపోయాయి. నీళ్ళు మోకాళ్ళదాకా దిగాక నిమల్ గాజు తుడవడానికి లోపలికి దిగాడు. కమాను కింద వంగాడు. పైరాయి అతని వీపు మీద పడింది.

మేం వెళ్ళేసరికి బయటికి తీసి పడుకోబెట్టారు. మోకాళ్ళదాకా ఉన్న నీళ్ళలో మనిషి మునిగి చనిపోయాడు. రాయి లేపడానికి నలుగురు కావలసి వచ్చిందట.

విచారణ

కంటైనర్‌లో ఉన్న ఆఫీసులో విచారణ జరిగింది. పావుగంట. రిఫాత్ మస్తాన్‌ను అడిగాడు, మధ్యలో ఒక పాకిస్తానీ గుమాస్తా హిందీలోకి మార్చాడు.

‘‘సాబిత్ అని చెప్పావా, లేదా?’’

ఆ గుమాస్తా సాబిత్ అనే మాటను మార్చలేదు. మార్చాల్సిన అవసరం అతనికి కనిపించలేదు, అది అతని ఉర్దూలోనూ ఉన్న మాటే కదా.

‘‘చెప్పినా’’ అన్నాడు మస్తాన్.

తర్వాత నన్ను అడిగారు. ‘‘నువ్వు విన్నావా?’’

‘‘మా ఆరిఫ్’’ అన్నాను. అరబ్బీలో, నాకు తెలియదు అని. అక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు గడువు ఆ నెలలోనే అయిపోతోంది, పొడిగించాల్సింది కంపెనీయే. నోరు పెద్దదని పేరున్నవాణ్ణి, ఆ రెండు మాటలు ఎంత మెల్లగా అన్నానంటే గుమాస్తా మళ్ళీ అడగాల్సి వచ్చింది.

మస్తాన్ చేత అరబ్బీ కాగితం మీద వేలిముద్ర వేయించారు. వారంలో ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, మళ్ళీ రాకుండా ఇంటికి పంపేశారు. ఎయిర్‌పోర్టుకు వెళ్ళే వ్యాన్ దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు.

‘‘మామా, ఆ రాయి సాబిత్‌గానే ఉండాది గదా? పడినాక గూడా పగల్ల్యా. నేను పోయి చూసినా. యాడా బీట ల్యా. మరి అబద్ధం జెప్పినానని ఏంటికి రాసినారు?’’

అప్పుడు కూడా విడమరిచి చెప్పలేదు. వ్యాన్ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ‘‘పో రా, ఫోన్ చేస్తా’’ అన్నాను.

ఫోన్లో చెప్పాను, మూడు నెలల తర్వాత. ‘‘అట్లనా. ఆ మాటకు వాళ్ళల్లో అట్ల అర్థమా’’ అన్నాడు. తర్వాత ఊరి సంగతి చెప్పాడు. కబురు అతనికంటే ముందే చేరింది. సౌదీలో ఉన్న మా వైపువాళ్ళే మోశారు.

‘‘ఎవురూ ఏమీ అన్ల్యా మామా. నేను మైకు ముందర నిలబడితే ఎనక ఒకాయన గొంతు సవరించుకున్యాడు. అంతే. దిగొచ్చేసినా. అబద్ధపోని నోట పిలుపేందని వాళ్ళు అనుకున్నా తప్పుల్యా. ఆ మాట కొట్టేసిన కాగితం ఒకటి తెచ్చియ్యి. మసీదు జమాత్ పెద్దల ముందర పెడతా. ఇంగేమీ వద్దు నాకు.’’

ఉత్తరాలు

కంపెనీకి రాశాను. నేర్చుకున్న ఇంగ్లీషులో, నిఘంటువు పక్కన పెట్టుకుని రాశాను. రెండు భాషల్లో ఆ మాటకు అర్థాలు రాశాను, పలికే తీరు రాశాను. పేదవాడని అలుసా అని కూడా రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. ఆ కంపెనీ మానేసి రియాద్ వచ్చేశాక కూడా రాస్తూనే ఉన్నాను. ఒకసారి సెలవు పెట్టి యాన్బు వెళ్ళాను. ఆఫీసులో హైదరాబాద్ కుర్రాడు ఒకడు గుమాస్తాగా ఉన్నాడు.

‘‘చాచా, ఫైల్ క్లోజ్ అయింది. క్లోజ్ అయిన ఫైల్ తెరవాలంటే ఎవరన్న పెద్దమనిషి రాసియ్యాలె. నువ్వెవరు, బ్లడ్ రిలేషనా?’’

‘‘కాదు.’’

‘‘విట్నెసా?’’

నేను చేతిలోని కాగితాలు సర్దుకున్నాను. అతను నా ముఖం చూసి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. ‘‘రిఫాత్ సాబ్ రిటైరై వాళ్ళ ఊరు పోయిండు. నంబర్ ఇస్త. నా పేరు తీయకు.’’

రిఫాత్‌కు ఫోన్లో పెద్ద ఉత్తరం రాసి పంపాను. చాలా తిట్టాను. భాష రానివాణ్ణి నీ భాషలో అడిగావన్నాను. ఇసుక మీద పెట్టించావన్నాను. నీ తప్పును ఒక అమాయకుడి నెత్తిన రుద్దావన్నాను. అంతా నిజమే. కంపెనీకి రాసిన ఏ ఉత్తరంలోనూ, ఇతనికి రాసినదానిలోనూ నేను మూడు బారల దూరంలో ఉన్నానని మాత్రం రాయలేదు. నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, గొడవ మస్తాన్ గురించి, నా గురించి కాదు అని.

ఇప్పుడు బతాలో ఒక మెస్ పైగదిలో ఉంటున్నాను. పని మానేశాను, ఎగ్జిట్ కాగితం కోసం చూస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ళకు చివరిగా చెప్పేది ఇదే. మూడు భాషలవాళ్ళు కలిసి కట్టేచోట మాటను నమ్మకండి. రాయిని పట్టుకుని ఊపి చూపించండి, కడ్డీ మీద వేలు పెట్టి చూపించండి. ఇద్దరి భాషా తెలిసినవాడు మీరే అయితే నోరు మీదే. ఎవడు మూసుకోమన్నా సరే.

రిఫాత్ జవాబు మొన్న శుక్రవారం వచ్చింది. అది చదివాకే ఇదంతా రాయడానికి కూర్చున్నాను. ఇంగ్లీషులో రాశాడు. తెలుగు నాది.

‘‘మీ ఉత్తరం నా కూతురు చదివి వినిపించింది, నాకు చూపు తగ్గింది. మీరు రాసినవి నిజాలే. కంపెనీకి రాసి పంపాను. నేను అడిగింది నా భాషలో మాట, అతను చెప్పింది అతని భాషలో మాట, అతను అబద్ధమాడలేదు అని. ఇసుక మీద పెట్టమన్నది నేనే అని కూడా రాశాను. వాళ్ళు తిరిగి ఒక్కటే అడిగారు. ఈ రెండు అర్థాలూ తెలిసినవాడు ఆ సమయంలో అక్కడ ఎవరైనా ఉన్నాడా, అతను సంతకం పెడితే వాక్యం మారుస్తాం అన్నారు. ఉన్నాడని రాశాను. పేరు రాయలేదు. అది మీరు రాయండి.’’